పోవలసిన బోర్డు

ఈసారి కూడా ఎర్ర అక్షరాలే వచ్చాయి. చిన్నోడు కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని తెర వంక చూస్తూ ఉండిపోయాడు. నలభై ఆరేళ్ళ మనిషిని చిన్నోడు అనడం బయటివాళ్ళకి నవ్వు తెప్పిస్తుంది గాని, ఆ షాపులో అతనికి ఇంకో పేరు లేదు. అక్క అలాగే పిలుస్తుంది, బావ అలాగే పిలుస్తాడు, కొరియర్ తెచ్చే మనిషి కూడా చిన్నోడు గారున్నారా అనే అడుగుతాడు.

బల్ల మీద అరచేతి వెడల్పు ఆకుపచ్చ బోర్డు ఉంది. దాని మధ్యలో నల్లటి ప్రాసెసర్. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇప్పుడవి బట్టలకి రంగులద్దే మిల్లుల్లో, ఎవరూ మార్చే ధైర్యం చెయ్యని పాత యంత్రాల కడుపుల్లోనే మిగిలాయి. మిల్లువాళ్ళు పాడైన బోర్డులు పంపుతారు. బావ తుక్కులో కొనుక్కొచ్చిన బోర్డుల నుంచి అక్క ప్రాసెసర్లు ఊడదీసి, వాటి కాళ్ళు శుభ్రం చేసి, కొత్త బోర్డుల మీద అతుకుతుంది. చిన్నోడు వాటిలోకి ప్రోగ్రాం ఎక్కించి నడిపి చూస్తాడు. బావ బిల్లులూ, ఫోన్లూ, కోపమూ చూసుకుంటాడు.

పరీక్ష చూస్తే పిల్లల ఆటలాంటిది. రోజు మొదలవగానే నిన్నటి వివరాలున్న ఫైలును బోర్డు ఖాళీ చెయ్యాలి. అంతే. ఒకసారి బుద్ధిగా ఖాళీ చేస్తోంది. తర్వాత రెండుసార్లు మొండికేస్తోంది. మళ్ళీ ఒకసారి ఏమీ ఎరగనట్టు చేస్తోంది. ప్రోగ్రాంలన్నీ వాడుకునే లైబ్రరీ ఈమధ్యే మారింది. పాతది వేసి చూద్దామంటే మిల్లువాళ్ళ కొత్త ప్రోగ్రాం దాని మీద ఎక్కదు. అసలు ఇంత గొడవా ఆ కొత్త ప్రోగ్రాం కోసమే.

బావ వచ్చి వెనక నిలబడ్డాడు. అతను వచ్చినట్టు చూడక్కర్లేదు, చెవి పక్కన ఊపిరి తెలుస్తుంది. నకలు మీద చూశావా అని అడిగాడు. నకలంటే మామూలు కంప్యూటర్లో నడిచే ఒక ప్రోగ్రాం. తానే ఆ పాత ప్రాసెసర్‌నన్నట్టు నటిస్తుంది. సినిమాలో డూపు లాంటిది. అసలు ప్రాసెసర్లు దొరకవు కాబట్టి లోకమంతా దాని మీదే పరీక్షలు చేసుకుంటుంది.

"నకలు మీద నడుస్తోంది బావా. బోర్డు మీదే పోతోంది."

చూసింది చూసినట్టు చెప్పాడు, ఇంకేమీ కలపలేదు. కాని ఆ మాట నోట్లోంచి పడగానే బావ తల కిటికీ పక్కనున్న బల్ల వైపు తిరిగింది. అక్కడ భూతద్దం దీపం కింద వంగి అక్క ఇంకో బోర్డు తుడుస్తోంది.

"ఒకసారి నడిచి ఒకసారి పోయిందంటే అతుకే" అన్నాడు బావ. "కాలు పైకి పట్టుకున్నట్టే ఉంటుంది, లోపల పట్టుకోదు. ఈ మాత్రం నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ షాపులో అందరికీ తెలిసిన సంగతే అది. అక్క తల ఎత్తలేదు. ఆమె చేతిలోని కుంచె మాత్రం ఒక చోటనే, తుడిచిన చోటనే, తుడుస్తూ ఉండిపోయింది.

ఆ సోమవారం మధ్యాహ్నానికి బావ మొత్తం తీర్పు చెప్పేశాడు. తప్పు ఎవరిదీ కాదట, వయసుదట. కళ్ళు మునుపటిలా ఉండవు, చెయ్యి మునుపటిలా ఉండదు, ఇందులో సిగ్గుపడాల్సింది లేదట. బజారులో ఒక కుర్ర మెకానిక్ ఉన్నాడు, సొంత మైక్రోస్కోపు ఉంది, శుక్రవారం నుంచి వచ్చి కిటికీ బల్ల దగ్గర కూర్చుంటాడు. ఈలోగా అక్క అతికిన ప్రాసెసర్లన్నీ తీసి ట్రేలో పెట్టేస్తే అతను మళ్ళీ మొదటి నుంచి అతుకుతాడు. తర్వాత ఆమె మేడ మీద హాయిగా ఉండొచ్చు. హాయిగా అన్న మాట బావ రెండుసార్లు అన్నాడు.

అక్క అలాగేనండి అంది. వేడిగాలి గన్ను తీసి ఒక్కో బోర్డూ పట్టుకుని, నాలుగు వైపులా సమంగా గాలి తిప్పుతూ, సీసం కరిగి మెరిసిన క్షణంలో పట్టకారుతో ప్రాసెసర్‌ను లేపి ట్రేలో పెట్టింది. ఒక్క కాలూ వంగలేదు. చెయ్యి పోయిందన్న మనిషి చేత ఆ పని చేయించుకుంటున్నానని బావకి తట్టలేదు. చిన్నోడికి తట్టింది, కాని అతను తెర వైపే తిరిగి కూర్చున్నాడు. ఆమె అతని బల్ల దగ్గరికి వచ్చి ఆ చివరిదాని కోసం చెయ్యి చాచినప్పుడు మాత్రం, ఇది నాకు కావాలక్కా అని బోర్డును దగ్గరికి లాక్కున్నాడు.

మర్నాడు పొద్దున్న టీ తాగడానికి మేడ మీదికి వెళ్తే అక్క కిటికీ దగ్గర నిలబడి సూదిలోకి దారం ఎక్కిస్తోంది. కుట్టడానికేమీ లేదు. ఎక్కించింది, లాగేసింది, మళ్ళీ ఎక్కించింది. ప్రతిసారీ మొదటి ప్రయత్నానికే ఎక్కుతోంది. ఆమె మొహంలో మాత్రం ఎక్కిన సంతోషం లేదు. ఏదో మోసం జరుగుతోందన్నట్టు సూదిని వెలుతురుకి పెట్టి చూస్తోంది. అతను టీ గ్లాసు తీసుకుని కిందికి వచ్చేశాడు.

ఆ రోజంతా నరకం. తప్పు ఎక్కడుందో పట్టుకోవాలంటే ప్రోగ్రాం మధ్యలో, ఇక్కడిదాకా వచ్చాను, నా చేతిలో ఇంత ఉంది అని చెప్పే వాక్యాలు చేర్చాలి. అలాంటి వాక్యం ఒకటి చేరిస్తే చాలు, తప్పు మాయమైపోయేది. తీసేస్తే తిరిగొచ్చేది. డాక్టర్ని చూడగానే తగ్గిపోయి, గడప దాటగానే మొదలయ్యే నొప్పిలా తయారైంది. చిన్నోడు దాన్ని తిట్టాడు, దాన్ని రాసినవాళ్ళని తిట్టాడు, ఏడో క్లాసులో బడి మానేసి ఈ బల్ల ముందు చేరిన తన తలరాతను తిట్టాడు. బోర్డును వేలితో నొక్కి చూశాడు. అతుకు వదులైతే నొక్కినప్పుడు తేడా రావాలి. రాలేదు. చల్లటి గాలి ఊది చూశాడు, వేడి చేసి చూశాడు. తేడా లేదు. అది చూసినప్పుడే అతనికి మొదటిసారి అనుమానం అక్క చేతి మీది నుంచి పక్కకి జరిగింది. పొద్దున్నే ఎందుకు జరగలేదో తనకే తెలియదు.

ప్రోగ్రాం తనంతట తాను ఫైలును ముట్టుకోలేదు. లోపల కెర్నెల్ అని ఒక అధికారి ఉంటాడు, అన్నీ ఆయన్నే అడగాలి. ఆ అడిగే పని లైబ్రరీది. అర్జీ పట్టుకెళ్ళే గుమాస్తా అనుకోవచ్చు. అడగాల్సిన వివరాలు ప్రాసెసర్ లోపలి గూళ్ళలో వరసగా పెట్టి కెర్నెల్ని పిలుస్తుంది. ఇంతవరకూ చిన్నోడు గుమాస్తా చెప్పేదే వింటున్నాడు. ఈసారి గుమాస్తాను వదిలేసి అధికారిని పట్టుకున్నాడు. కెర్నెల్లోనే మార్పు చేసి, నీ చేతికి అందిందేమిటో నువ్వే చెప్పు అన్నాడు.

కెర్నెల్ చెప్పింది. ఫైలు పొడవును సున్నా చెయ్యమని ప్రోగ్రాం అడిగింది. కెర్నెల్ చేతికి అందింది సున్నా కాదు, కోట్లలో ఉన్న ఏదో అంకె. ఇంకోసారి నడిపితే ఇంకో అంకె. మూడోసారి సున్నాయే అందింది, పరీక్ష పాసయింది. చిన్నోడు ఆ అంకెల వంక చాలాసేపు చూశాడు. వాటిలో ఒకదాని పై సగాన్ని ఎక్కడో చూసినట్టనిపించింది. వెనక్కి వెళ్ళి వెతికితే, అంతకు ముందు జరిగిన ఇంకో పని నాలుగో గూట్లో వదిలేసిపోయిన అంకె అది. ఎవరో తిని లేచిన విస్తట్లో ఎంగిలి.

అప్పుడు విషయం తెల్లమైంది. ఫైలు పొడవు పెద్ద అంకె, దానికి రెండు గూళ్ళు కావాలి. ఈ ప్రాసెసర్ రివాజు ప్రకారం జంట అంకె జంట గూళ్ళలోనే కూర్చోవాలి. ఒకటీ రెండూ ఒక జంట, మూడూ నాలుగూ ఒక జంట. మొదటి గూట్లో ఫైలు నంబరు ఉంటుంది కాబట్టి రెండోదాన్ని ఖాళీగా వదిలి, పొడవును మూడు నాలుగుల్లో పెట్టాలి. కొత్త లైబ్రరీ వదల్లేదు. రెండు మూడుల్లో పెట్టేసింది. కెర్నెల్ తన రివాజు ప్రకారం మూడు నాలుగుల్లోంచి తీసుకుంది. నాలుగో గూట్లో ఎంగిలి ఏమీ లేకపోతే పాస్, ఉంటే ఫెయిల్. అదీ ఒకసారి నడిచి ఒకసారి పోవడంలోని రహస్యం. సీసానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఒక గూడు వదిలేలా లైబ్రరీలో రెండు వాక్యాలు మార్చి నడిపాడు. పాస్. టిఫిన్ పెట్టెలో అన్నం ఎండిపోతుంటే నడుపుతూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా పోలేదు.

బావకి చెబితే బావ కళ్ళజోడు తుడుచుకున్నాడు. లోకమంతా వాడే లైబ్రరీలో తప్పా, ఈ మూల గదిలో మీ అక్క చేతిలో తప్పా, ఏది నమ్మమంటావు అని అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. అదే చిన్నోడికి ఎక్కువ మండింది. లైబ్రరీ చూసుకునేవాళ్ళకి రాయి, వాళ్ళు తప్పని ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటాను, ఒప్పుకోకపోతే శుక్రవారం మెకానిక్ వస్తాడు, అని తేల్చేశాడు బావ.

చిన్నోడు రాశాడు. వాళ్ళు రాసుకునే భాష అతనికి సరిగా రాదు, వాక్యాలు కుంటుతాయి. అయినా గూళ్ళ సంగతి బొమ్మ గీసినట్టు వివరించి, తన రెండు వాక్యాల మార్పూ జతచేసి పంపాడు.

గురువారం పొద్దున్నే జవాబు వచ్చింది. రాసింది ఆ నకలును తయారుచేసి చూసుకుంటున్న మనిషి; ఈ ప్రాసెసర్ సంగతులన్నీ లైబ్రరీవాళ్ళు ఆయనకే వదిలేశారట. నకలాయన అని షాపులో పేరు పెట్టేశారు. చాలా మర్యాదగా రాశాడు. మీ మార్పు లేకుండా నకలు మీద అన్ని పరీక్షలూ పాసవుతున్నాయి, మీ మార్పు వేస్తే పోతున్నాయి, కాబట్టి మార్పు తీసుకోలేము అన్నాడు. మీ దగ్గరున్నది ఒక్క బోర్డే కదా, అందులోనే లోపం ఉండొచ్చు, అతుకులు సరిచూసుకోండి అన్నాడు. కావాలంటే రెండో బోర్డు మీద కూడా ఇదే జరుగుతుందేమో చూపండి, అప్పుడు ఆలోచిస్తాం అన్నాడు.

చిన్నోడు బల్ల మీద గుద్దితే టీ గ్లాసు ఎగిరి కింద పడింది. అప్పటికే అతను నకలు లోపలి రాత తెరిచి చూసి ఉన్నాడు. గూళ్ళ విషయం వచ్చిన చోట, లైబ్రరీ ఇలా పెడుతోంది గనక మేమూ ఇలాగే తీసుకుంటున్నాం అని రాసుకున్నారు. లైబ్రరీ తెరిస్తే అదే చోట, నకలు మీద సరిచూశాం అని ఉంది. వీళ్ళు వాళ్ళని చూసి రాశారు, వాళ్ళు వీళ్ళని చూసి సరే అనుకున్నారు. అసలు బోర్డును ఇద్దరిలో ఒక్కరూ కంటితో చూడలేదు. ఇద్దరు దొంగ సాక్షులు ఒకరికొకరు పూచీ పడితే, ఉన్న ఒక్క నిజమైన ప్రాసెసర్ ముద్దాయి అయింది.

బావ భుజం మీంచి వంగి జవాబు చదివాడు. అతుకులు సరిచూసుకోమన్న చోట అతని వేలు ఆగింది. మెకానిక్‌కి ఫోన్ చెయ్యడానికి బయటికి వెళ్ళాడు.

గాజు పెంకులు ఎత్తడానికి చీపురుతో వచ్చిన అక్క, ఏం రాశారని అడిగింది. చిన్నోడు చెప్పాడు. ఆమె పెంకులన్నీ ఒక కాగితంలోకి తీసి మడిచి, అప్పుడు నవ్వింది. సోమవారం నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

"నన్నన్న మాటే నిన్నూ అన్నారన్నమాట."

చిన్నోడికి ఎక్కడో తగిలింది. మూడు రోజుల కింద ఆ మాట మొదట పుట్టింది తన నోట్లోనే. సారీ చెప్పడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు, అతనూ చెప్పలేదు. ట్రేలోంచి ఒక ప్రాసెసర్‌ను, అరలోంచి ఒక బోర్డును తీసి కిటికీ బల్ల మీద పెట్టాడు.

ఆమె వద్దంది. రేపు ఎలాగూ ఆ అబ్బాయి వస్తాడు, అతని చేత అతికించుకో, ఎవరు అతికినా ఒకటేగా అంది. చేతులు పైటచెంగులో దాచుకుంది.

"ఒకటే. ఎవరైనా అతకొచ్చు. నేను నిన్నడుగుతున్నా."

అక్క కాసేపు బోర్డు వంక చూసింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, ఇంతకీ ఇది నడవాలా అని అడిగింది. నడవకూడదని చెప్పాడు చిన్నోడు. తను మార్చని లైబ్రరీలోని తప్పు ఈ బోర్డు మీద కూడా బయటపడాలి. అదీ ఎలాపడితే అలా కాదు. నాలుగో గూట్లో తనే కావాలని ఒకటి అనే అంకె వదిలి, ఆ తర్వాత ఫైలు ఖాళీ చెయ్యమంటాడు. కెర్నెల్ ఆ ఒకటిని పొడవులో పై సగం అనుకుంటుంది. అప్పుడు ఖాళీ కావాల్సిన ఫైలు కాస్తా నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల చిల్లర బైట్ల పొడవు చూపిస్తుంది. మొదటి బోర్డు మీద చివరి అంకెతో సహా అలాగే చూపించింది. అతుకు వదులైతే రోజుకో రకంగా పోతుంది గాని, ఇద్దరు కూడబలుక్కున్నట్టు ఒకే అంకె దగ్గర పోదు.

"పాసవ్వాలని చేసినవన్నీ పోయాయి" అంది అక్క, ఇస్త్రీపెట్టెను పరీక్షించినట్టు సోల్డరింగ్ ఐరన్ మొనను తడి స్పాంజికి తాకిస్తూ. "పోవాలని చేసేది పాసయి కూర్చుంటే?"

అది జోకే, కాని ఇద్దరూ నవ్వలేదు. రెండో బోర్డు చల్లగా పాసయిందంటే మొదటిదే చెడ్డదని తేలుతుంది. నకలాయన మాట నెగ్గుతుంది, బావ మాట నెగ్గుతుంది. సూదిలో దారం ఎన్నిసార్లు ఎక్కినా ఇక ఆమె నమ్మదు.

ఆమె సీసం బాగా పట్టడానికి బోర్డు మీద ఫ్లక్స్ రాసింది. ప్రాసెసర్‌ను పట్టకారుతో పట్టుకుని, దించబోయి ఆగింది. చిన్నోడు చూడనట్టు తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. కాసేపటికి సన్నటి పొగ వాసన వచ్చాక గాని వెనక్కి తిరిగి చూడలేదు. చూసేసరికి నాలుగు మూలలా నాలుగు కాళ్ళు పట్టించేసి, ఒక వైపు వరస మొదలుపెట్టింది. ఐరన్ మొన ఎక్కడా ఆగడం లేదు, తొందర పడడం లేదు. సీసం దాని వెనకే నీళ్ళలా నడుస్తోంది. ఎక్కువైన చోట రాగి అల్లిక పెట్టి పీల్పించింది. నాలుగు వరసలూ అయ్యాక స్పిరిట్‌తో కడిగి, భూతద్దం కింద ఒక్కో కాలినీ పట్టకారు మొనతో పక్కకి తోసి చూసింది. ఏదీ కదల్లేదు. తను చూసింది చాలదన్నట్టు ఇంకో చుట్టు చూసింది.

బోర్డును ఆమే పట్టుకొచ్చి అతని బల్ల మీద పెట్టింది. చిన్నోడు తీగలు తగిలించి, మార్చని లైబ్రరీనే ఎక్కించి, మొదలుపెట్టాడు. అక్క కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

తెర మీద కాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఎర్ర అక్షరాలు. ఫైలు పొడవు దగ్గర ఒక అంకె. చిన్నోడు మొదటి బోర్డు ఫలితం పక్కన తెరిచి, ఎడమ నుంచి కుడికి ఒక్కో అంకె మీదా వేలు పెట్టుకుంటూ వెళ్ళాడు. చివరి అంకె దగ్గర వేలు అలాగే ఉంచేశాడు.

"పోయిందా?" అంది అక్క.

"పోయిందక్కా. అచ్చం దానిలాగే పోయింది."

కుర్చీ వీపు మీద ఆమె పట్టు వదిలిన సంగతి అతనికి తెలిసింది. సరిగ్గా అప్పుడే బావ లోపలికి వచ్చాడు. గుమ్మంలోంచే అతనికి తెర మీది ఎరుపు కనిపించింది. పక్కన అక్క నిలబడి ఉండడం, కిటికీ బల్ల మీద ఐరన్ వేడిగా ఉండడం కూడా కనిపించాయి.

"మళ్ళీ అతికిందా? మళ్ళీ పోయిందా?" అన్నాడు. గొంతులో కోపం కంటే జాలే ఎక్కువుంది. "నేను చెబుతూనే ఉన్నాను."

చిన్నోడు ఆ లైబ్రరీ తీసి, తన రెండు వాక్యాలున్నది ఎక్కించి, అదే పరీక్షను అదే బోర్డు మీద నడిపాడు. ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. ఫైలు పొడవు సున్నా. మొదటి బోర్డును తగిలించి నడిపాడు. మార్చని దానితో ఎరుపు, మార్చిన దానితో ఆకుపచ్చ. మళ్ళీ రెండో బోర్డు. బావ దగ్గరికొచ్చి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. రెండు బోర్డుల మీదా ఒకే అంకె దగ్గర పోవడం, ఒకే మార్పుతో బాగుపడడం అతనికి ఎవరూ విప్పి చెప్పక్కర్లేకపోయింది. అతుకుల సంగతి అందరికంటే ముందు తెలిసినవాడు అతనే. చేతిలో ఫోన్ ఉంది, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. రేపు తొమ్మిదికే రమ్మని ఆ అబ్బాయికి చెప్పేశానే అని గొణిగాడు. ఆ మాట ఎవరితో అన్నాడో తెలియలేదు.

చిన్నోడు రెండు బోర్డుల ఫలితాలూ పక్కపక్కన పెట్టి నకలాయనకి జవాబు రాయడం మొదలుపెట్టాడు. వాళ్ళు ఇప్పుడైనా ఒప్పుకుంటారో, ముచ్చటగా మూడోది చూపమంటారో చెప్పలేం. అతనికి మాత్రం ఈసారి వాక్యాలు కుంటలేదు.

అక్క కిటికీ బల్ల దగ్గరికి తిరిగి వెళ్ళింది. ట్రేను దగ్గరికి జరుపుకుని, ఇంకో ప్రాసెసర్ తీసి, ఇంకో బోర్డుకి ఫ్లక్స్ రాసింది. బావ ఆమె వెనకే వెళ్ళి కిటికీకీ ఆమెకీ మధ్య నిలబడిపోయాడు. ఆమె పట్టకారు ఎత్తి పట్టుకుని కాసేపు ఎదురు చూసింది.

"కొంచెం పక్కకి జరగండి" అంది. "వెలుతురు అడ్డొస్తోంది."

అతను జరిగాడు.